దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఆఫీసువాళ్ళు ‘బ్రాయ్’కి (నిప్పుల మీద మాంసం కాల్చుకునే విందు) పిలిచారు. మేం బీఫ్ తినం. వెళ్ళొచ్చా? ఏం పట్టుకెళ్ళాలి?

వెళ్ళండి. కాకపోతే ఇంట్లో ఏదో ఒకటి తిని వెళ్ళండి. నేను ప్రిటోరియా పక్కనే సెంచూరియన్‌లో ఉద్యోగం చేశాను. మా టీములో ఎక్కువమంది ఆఫ్రికానర్లే (ప్రధానంగా డచ్చి మూలాలున్న అక్కడి తెల్లవాళ్ళు) కాబట్టి చాలా బ్రాయ్‌లకు వెళ్ళాం. సాయంత్రం నాలుగింటికి రమ్మంటారు. మాంసం నిప్పుల మీదికి ఎక్కేసరికి ఆరున్నర, ఏడు అవుతుంది. ఆకలితో వెళ్ళినవాళ్ళకి ఆ మూడు గంటలూ నరకమే. కడుపులో ఏదైనా పడి ఉంటే మాత్రం, అసలు పిలిచిందే ఆ మూడు గంటల కోసమని తెలుస్తుంది.

ఆలస్యం ఎందుకంటే వాళ్ళు మంట మీద వండరు. కట్టెలు పూర్తిగా కాలి, మంట తగ్గి, పైన తెల్లటి బూడిద పట్టిన నిప్పులయ్యేదాకా ఆగుతారు. గ్యాస్ మీద చేస్తే దాన్ని బ్రాయ్ అనరు, లేదా నవ్వుతూ అంటారు. ఏ కట్టె మంచిదన్న దాని మీద అరగంట వాదించుకోవడం నేను విన్నాను. కేప్ టౌన్ వైపు వాళ్ళు రోయ్‌క్రాన్స్ అంటారు. అది ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన తుమ్మ జాతి చెట్టు, అడవుల్ని ఆక్రమిస్తుంటే కొట్టి కాలుస్తారు. అక్కడే ద్రాక్షతోటల్లో పీకేసిన పాత మొదళ్ళూ కాలుస్తారు. ఉత్తరాన ఉన్నవాళ్ళు సీకల్‌బోస్‌కే ఓటేస్తారు. మన మెట్టభూముల్లో కనిపించే వెలుతురు చెట్టు అదే జాతి! బరువైన కట్టె, నిప్పు చాలాసేపు నిలుస్తుంది.

ఇంటాయన మాంసం కాల్చే జాలీ ఎత్తులో అరచెయ్యి పెట్టి ఎన్ని సెకన్లు ఓర్చుకోగలడో లెక్కపెట్టి వేడి చూస్తాడు. పట్టకారు ఆయన చేతిలోనే ఉంటుంది. అడగకుండా దాన్ని ముట్టుకోకండి, మాంసం తిప్పమని సలహా అసలే ఇవ్వకండి. పరాయివాళ్ళు పెళ్ళి వంట దగ్గరికెళ్ళి గరిటె తీసుకుంటే మన వంటమేస్త్రికి ఎలా ఉంటుందో అక్కడా అంతే.

ఇక బీఫ్ సంగతి. జిలేబీలా చుట్టచుట్టిన పొడవాటి సాసేజ్ కనిపిస్తుంది, పేరు బూరవోర్స్. ధనియాలు వేయించి కొట్టిన వాసన గుప్పుమంటుంది. జాజికాయ, లవంగం, వెనిగర్ కూడా పడతాయి. ఆ వాసనకి మన ప్రాణం లాగుతుంది కానీ ముందు అడగండి. అక్కడి నిబంధనల ప్రకారం ఆ పేరుతో అమ్మాలంటే కనీసం 90 శాతం మాంసం ఉండాలి, కొవ్వు 30 శాతం దాటకూడదు. మాంసం గొడ్డుదీ కావచ్చు, పందిదీ, గొర్రెదీ, మేకదీ కావచ్చు. మామూలుగా దొరికేది మొదటి రెండూ కలిపిందే. నంజుకోవడానికి ముందుగా పెట్టే బిల్‌టాంగ్ కూడా దాదాపుగా గొడ్డుమాంసమే, వెనిగర్, ధనియాలు పట్టించి ఆరబెట్టినది.

మీకు ఉండేవి గొర్రె చాప్స్, కోడి, పుల్లలకు గుచ్చిన సొసాటీలు. సొసాటీ కేప్ టౌన్ ప్రాంతపు ముస్లిం సమాజమైన కేప్ మలేల వంట. డచ్చివాళ్ళ కాలంలో బానిసలుగా కేప్‌కి చేరినవాళ్ళు ఈ రుచులు తెచ్చారు. వాళ్ళలో ఇండోనేషియా దీవులవాళ్ళతోపాటు మన కోరమాండల్ తీరం నుంచి, బెంగాల్ నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మాంసం ముట్టనివాళ్ళకి పప్ ఉంటుంది. పప్పు కాదండోయ్, మొక్కజొన్న పిండి సంకటి. మీద ఉల్లి, టమాటా వేసి ఉడికించిన పులుసు పోస్తారు. రాయలసీమవాళ్ళకి బెంగే ఉండదు. ఇంకా బ్రాయ్‌బ్రోయికీ అని చీజ్, టమాటా, ఉల్లిపాయ, చట్నీ పెట్టి నిప్పుల మీద కాల్చే బ్రెడ్డు. నన్నడిగితే మొత్తం సాయంత్రంలో అన్నిటికన్నా రుచి దానిదే. చిక్కేమిటంటే దాన్ని చివర్లో, మాంసం తీసేసిన జాలీ మీదే కాలుస్తారు.

అందుకే ఒక చిన్న మడత జాలీ కొనుక్కుని వెంట తీసుకెళ్ళండి, ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. ‘మేం బీఫ్ తినం, మాది దీనిమీద కాల్చగలరా’ అని పిలిచినరోజే చెప్పండి. ఎవరూ నొచ్చుకోవడం నేను చూడలేదు. అక్కడికెళ్ళి నిప్పుల దగ్గర చెబితేనే ఇంటాయన ఇబ్బందిపడతాడు. ఎలాగూ ‘బ్రింగ్ అండ్ బ్రాయ్’ అంటే ఎవరి మాంసం, ఎవరి తాగుడు వాళ్ళే తెచ్చుకోవాలి. నిప్పు, సలాడ్లు వాళ్ళవి. మాంసం మాదే అని వాళ్ళంటే ఒక వైన్ సీసా చాలు. తాగగా మిగిలింది తిరిగి పట్టుకెళ్ళకండి. బంగాళదుంప సలాడ్‌లో చాలామంది కండెన్స్‌డ్ మిల్క్ కలుపుతారు, తియ్యగా ఉంటే కంగారుపడకండి. తినేముందు చాలా ఇళ్ళలో పెద్దాయన వాళ్ళ భాష ఆఫ్రికాన్స్‌లో ప్రార్థన చేస్తారు, అందాకా ఆగండి. పిల్లలుంటే పెద్దవాళ్ళని ఊమ్, టాని అని పిలవమనండి. మన బాబాయ్, పిన్ని లాగే చుట్టరికం లేకపోయినా పిలుస్తారు, విని మురిసిపోతారు.

నాకు నచ్చనిదీ ఒకటుంది. మగవాళ్ళంతా బీరు పట్టుకుని నిప్పు చుట్టూ, ఆడవాళ్ళంతా వంటింట్లో సలాడ్లు తరుగుతూ. ‘మగవాళ్ళే వండుతారు’ అని గొప్పగా చెబుతారు కానీ తరగడం, సర్దడం, కడగడం ఎవరివో చూస్తే తెలుస్తుంది. నేను కాసేపు లోపల సాయం చేసి, కుర్చీ తీసుకుని నిప్పు దగ్గరికే వెళ్ళి కూర్చునేదాన్ని. ఆఫీసు కబుర్లన్నీ అక్కడే దొర్లుతాయి మరి.

ఇది ఆఫ్రికానర్ల సొత్తు మాత్రమే అనుకోకండి. నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే టౌన్‌షిప్పుల్లో షిసా న్యామా అంటే ఇదే. కసాయి కొట్టులో మాంసం కొంటే పక్కనే కాల్చి ఇస్తారు, పాటలు మోగుతుంటాయి. సెప్టెంబరు 24 అక్కడ వారసత్వ దినం, సెలవు. దాన్ని అందరూ కలిసి బ్రాయ్ చేసుకునే రోజుగా మార్చాలని 2005లో యాన్ స్కానెల్ అనే ఆయన మొదలుపెట్టాడు, 2007లో వర్ణవివక్ష మీద పోరాడిన ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు దానికి పెద్దదిక్కుగా నిలిచారు. వారసత్వమంటే కాల్చిన మాంసమేనా అని విసుక్కునే నల్లజాతి సహోద్యోగులు నాకున్నారు. ఆ కోపం అర్థమవుతుంది. వర్ణవివక్ష పాలనలో 1953 నాటి చట్టంతో పార్కులు, సముద్రతీరాలు జాతుల వారీగా విడగొట్టారు, 1990లో గానీ అది రద్దు కాలేదు. కాబట్టి ‘మనందరి బ్రాయ్’ అన్న మాటకి అంత వయసేమీ లేదు.

తిరిగి మీరూ పిలవాలి, అది మర్యాద. అపార్ట్‌మెంటులో కట్టెలు కాల్చనిస్తారో లేదో ముందు కనుక్కోండి, కొన్నిచోట్ల గ్యాస్ ఒక్కటే ఒప్పుకుంటారు. 1860 తర్వాత చెరుకుతోటల కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళ సంతతి డర్బన్‌లో ఉంది. వాళ్ళు చాప్స్‌కి కారం, మసాలా దట్టించి కాలుస్తారు, మీరూ అదే చేయండి. అల్లంవెల్లుల్లి ముద్ద, పెరుగు ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది కాబట్టి పైపైన తుడిచేసి, జాలీని ఒక మెట్టు పైకి జరిపి కాల్చండి. కారం మాత్రం మన లెక్కలో సగం వేస్తే చాలు.