కాడ తల వంచిందని మందు పోయొద్దు

ప్రశ్న: మా మామిడి తోట నల్లమల అంచునే ఉంది. తొలకరి వానలకు చెట్ల నీడన పసుపు మొక్కల్లాంటివి పది పన్నెండు లేచినాయి. పూల కాడలు మాత్రం తల నేలకేసి వేలాడదీస్తున్నాయి. వేరుకుళ్లేమోనని కార్బెండాజిమ్ అనే శిలీంధ్రనాశిని (బూజు తెగుళ్ల మందు) పోద్దామనుకుంటున్నా. కలుపైతే గ్లైఫోసేట్ కలుపుమందు కొట్టాలా? మామిడికి ముప్పుందా?
- ఒక రైతు, ఆత్మకూరు, ఉమ్మడి కర్నూలు జిల్లా

జవాబు: రెండు మందులూ వద్దండీ. మీరు పంపిన ఫొటోలో ఉన్నది జియోడోరం అనే నేల ఆర్కిడ్. ఆర్కిడ్ అంటే చెట్టు కొమ్మ పట్టుకుని పెరిగేదే అనుకుంటాం గానీ, ఇది మట్టిలోనే పుట్టి మట్టిలోనే ఉంటుంది. ఆకు నలిపి చూడండి, పసుపు వాసన రాదు.

కాడ వంగడం తెగులు కాదు, ఈ మొక్క తీరే అంత. కాడ నిటారుగా లేచి, చివర మాత్రం చేతికర్ర పిడిలా కిందికి వంగి, అక్కడ తెల్లటి చిన్న పూలు గుత్తిగా పూస్తాయి. కాయ కట్టాక అదే కాడ మెల్లగా నిటారుగా నిలబడుతుంది. ఎత్తులో పగిలిన కాయలోంచి ధూళిలాంటి విత్తనం గాలికి పోతుంది. కుళ్లు తగిలితే వంపు చివర కాదు, కాడ మొదలు దగ్గరే మెత్తబడుతుంది, పట్టి లాగితే ఊడొస్తుంది. ఫొటోలో మీ మొక్కల మొదళ్లు గట్టిగానే కనిపిస్తున్నాయి.

ఆ ధూళి విత్తనంలో మొలకకు కావలసిన తిండి ఉండదు. నేలలోని ఒక రకం బూజు దానికి అన్నం పెడితేనే మొలకెత్తుతుంది. అందుకే శిలీంధ్రనాశిని పోయొద్దని గట్టిగా చెబుతున్నా, ఆ బూజుకూ దెబ్బ తగలొచ్చు.

1811లో ఈ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) జియోడోరం అని పేరు పెట్టారు. గ్రీకులో 'నేల ఇచ్చిన కానుక' అని అర్థం. జాతులు పదికి అటూ ఇటూ మాత్రమే, మన దేశం నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్నాయి. ఈమధ్య దీన్ని యులోఫియా అనే మరో ఆర్కిడ్ ప్రజాతిలో కలిపేశారు గానీ, పాత పేరే ఇంకా ఎక్కువమంది నోట ఉంది.

మామిడికి ముప్పు లేదు, ఇది చెట్టు రసం పీల్చేది కాదు. మట్టిలో పైపైనే దుంపలు గొలుసులా ఉంటాయి కాబట్టి ఆ నీడలో గుంటక తోలొద్దు, కలుపు చేత్తోనే పీకించండి. చలికాలానికి ఆకు ఎండిపోతుంది. చచ్చిందనుకుని తవ్వొద్దు, దుంప నిద్రలో ఉంటుంది, ఎండాకాలం నీళ్లు పెడితే కుళ్లుతుంది. చోటు మార్చాలంటే వానలకు ముందు, చుట్టూ ఉన్న మట్టిగడ్డతో సహా ఎత్తండి. ఇంకా కావాలని అడవిలోంచి మాత్రం తవ్వుకు రావొద్దు, అది నేరం. ఇప్పటికి పూసిన కాడల పక్కన చిన్న పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకోండి. కాయలు పగిలేదాకా అటు పశువులను వదలొద్దు.