నొప్పి తగ్గాక ఆ పరీక్ష ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 56 ఏళ్లు. కిందటి నెలలో ఒక రాత్రి పొట్ట పైభాగంలో భరించలేని నొప్పి, వాంతులు. నొప్పి వీపులోకి కూడా పాకింది. గ్యాస్ మాత్ర వేసినా తగ్గలేదు. రక్తంలో లైపేజ్ (క్లోమం తయారుచేసే ఎంజైమ్) 1,840 ఉంది, అక్యూట్ పాంక్రియాటైటిస్ (క్లోమానికి హఠాత్తుగా వచ్చే వాపు) అని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆయనకు తాగుడు అలవాటు లేదు. స్కానింగ్‌లో రాళ్లు కనిపించలేదు. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) 170. ఇప్పుడు నొప్పి లేదు. అయినా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయించమంటున్నారు. ఈమధ్య కొత్తగా షుగర్ వచ్చింది, ఆరు కిలోలు తగ్గారు. క్యాన్సర్ అని అనుమానమా? సీఏ 19-9 రక్తపరీక్ష సరిపోదా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: చేయించండమ్మా, వాయిదా వేయకండి. క్యాన్సర్ ఉందని కాదు, మీ వారికి పాంక్రియాటైటిస్ ఎందుకు వచ్చిందో ఇంకా తేలలేదు కాబట్టి. నొప్పి తగ్గినా కారణం లోపలే ఉండిపోవచ్చు.

ఈ జబ్బుకి ఎక్కువగా కనిపించే కారణాలు పిత్తాశయంలో రాళ్లు, మద్యం. ట్రైగ్లిజరైడ్స్ 1,000 దాటినా రావచ్చు. రక్తంలో కాల్షియం, ఆయన వాడే మందులు కూడా ఒకసారి చూడమనండి. మొదటి స్కానింగ్‌లో రాళ్లు కనిపించకపోతే నేను అక్కడితో వదలను. నొప్పి ఉన్నప్పుడు పేగుల్లో గ్యాస్ అడ్డొచ్చి ఆవగింజంత రాళ్లు తప్పించుకుంటాయి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో అలాంటివి బయటపడతాయి. రాళ్లే కారణమని తేలితే పిత్తాశయం తీయించుకోవాలి, లేదంటే ఇదే నొప్పి మళ్లీ రావచ్చు.

ఇక మీరు భయపడుతున్న సంగతి. కొత్తగా షుగర్ వచ్చినవాళ్లలో చాలామందికి క్యాన్సర్ ఉండదు. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నా బరువు తగ్గుతారు. కానీ 50 దాటిన మనిషికి కొత్త షుగర్, బరువు తగ్గడం, కారణం తెలియని పాంక్రియాటైటిస్ కలిసి వస్తే నేను ఊరుకోను. చిన్న గడ్డ క్లోమం నాళానికి అడ్డుపడినా పాంక్రియాటైటిస్ రావచ్చు. వాపు ఉన్న రోజుల్లో తీసిన సీటీలో ఆ గడ్డ కలిసిపోయి కనిపించకపోవచ్చు. అందుకే వాపు తగ్గాక, నాలుగు నుంచి ఆరు వారాలకు, క్లోమం కోసమే ప్రత్యేకంగా కాంట్రాస్ట్ సీటీ తీయించి, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయిస్తాం. మత్తు ఇచ్చి నోటి ద్వారా గొట్టం పంపుతారు. క్లోమం జీర్ణాశయానికి సరిగ్గా వెనకే ఉంటుంది కనుక దగ్గర నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. అనుమానం ఉంటే అప్పుడే సూదితో ముక్క తీస్తారు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

సీఏ 19-9 అంటే క్లోమం క్యాన్సర్‌లో రక్తంలో పెరిగే ఒక పదార్థం. దాని మీదే ఆధారపడవద్దు. కామెర్లున్నా, పాంక్రియాటైటిస్ ఉన్నా అది పెరుగుతుంది. కొందరి శరీరంలో అసలు తయారే కాదు, వాళ్లకు క్యాన్సర్ ఉన్నా నార్మల్‌గానే వస్తుంది. క్యాన్సర్ నిర్ధారణ అయ్యాక చికిత్స ఎలా పనిచేస్తోందో చూడడానికి మాత్రం అది మాకు పనికొస్తుంది.

ఒకవేళ గడ్డ ఉన్నా, పక్కనున్న పెద్ద రక్తనాళాలను చుట్టుకోకుండా, వేరే చోటికి పాకకుండా ఉంటే ఆపరేషన్‌తో తీయవచ్చు. క్లోమం తల భాగంలో ఉంటే చేసేది విపుల్ ఆపరేషన్. చాలా పెద్దది, కాబట్టి ఇలాంటివి తరచుగా చేసే సర్జన్ దగ్గరికే వెళ్లాలి. తర్వాత కీమో ఉంటుంది. రక్తనాళాలను తాకి ఉంటే ముందు కీమో ఇచ్చి చూస్తారు.

మీ వారికి నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, మలం సున్నంలా తెల్లగా వచ్చి, ఒళ్లంతా దురద పెడితే, అది పిత్తనాళానికి గడ్డ అడ్డుపడిందనడానికి గుర్తు కావచ్చు, పసరు మందు కోసం ఎక్కడికీ తీసుకెళ్లకండి. ఆ పసరు తాగుతూ నెలలు పోగొట్టుకుని, ఆపరేషన్ కుదరని దశలో నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

సిగరెట్ అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి, క్లోమం వాపుకీ, క్యాన్సర్‌కీ కూడా అది చెరుపే. నూనె తగ్గించి మామూలు భోజనమే పెట్టండి, పస్తులు అక్కర్లేదు. నొప్పి తిరగబెట్టినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పరీక్షకు వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీతో పాటు పాత స్కానింగ్ ఫిల్ములు, సీడీ కూడా పట్టుకెళ్లండి.