హోఫ్ పక్కన మోడ్లారాయిట్: గోడ కంటే ముందు వాగు చూడండి

"మా అబ్బాయి జర్మనీలో హోఫ్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. వచ్చే నెల వెళ్తున్నాం. దగ్గర్లో మోడ్లారాయిట్ అని ఊరుందట. యాభై మంది ఉండే పల్లెలో చూడటానికి ఏముంటుంది, ఒక పూట కేటాయించవచ్చా?" అని అడిగారు.

తప్పకుండా కేటాయించండి. నేనూ హోఫ్‌లోనే చదివాను. అక్కడ ఉన్నప్పుడు ఈ ఊరికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి మాత్రం సరిగ్గా చూడలేదు. ఫోటోల కోసం నేరుగా, ఒకప్పుడు ఊరిని రెండుగా చీల్చిన గోడ దగ్గరికి వెళ్ళి, అరగంటలో తిరిగొచ్చేశాను. అందుకే మీకు చెప్పేది, ముందు వాగు దగ్గర ఆగండి.

ఆ వాగు పేరు టాన్‌బాఖ్. మన పంట కాలువంత కూడా ఉండదు, కొన్నిచోట్ల ఒక్క అంగలో దాటేయొచ్చు. దీనికి ఒక గట్టు బవేరియా రాష్ట్రం, రెండో గట్టు థురింజియా రాష్ట్రం. ఇప్పటికీ అంతే. ఒక సగం టోపెన్ పంచాయతీ కిందికి వస్తుంది, ఇంకో సగం గెఫెల్ కిందికి. పిన్‌కోడ్ వేరు, ఫోన్ కోడ్ వేరు. బవేరియా వైపు "గ్రూస్ గాట్" అని పలకరిస్తారు, అవతలివాళ్ళు "గూటెన్ టాగ్" అంటారు.

ఈ హద్దు నిన్నమొన్నటిది కాదు. ఇటు బవేరియా రాజ్యం, అటు రాయిస్ అనే చిన్న సంస్థానం ఉన్న రోజుల్లో, 1810లో వాగు పొడవునా హద్దురాళ్ళు పాతారు. ఒక వైపు "కేబీ" (బవేరియా రాజ్యం), రెండో వైపు "ఎఫ్‌ఆర్" (రాయిస్ సంస్థానం) అని చెక్కిన ఆ రాళ్ళు ఇంకా కనిపిస్తాయి. వెతికి చూడండి. నాకు గోడ కంటే అవే ఎక్కువ గుర్తుండిపోయాయి. ఎందుకంటే ఆ రాళ్ళు పాతాక కూడా ఊరు ఒక్కటిగానే ఉంది. రెండు గట్ల పిల్లలూ ఒకే బడికి వెళ్ళేవారు. రాజులు పోయారు, మొదటి ప్రపంచయుద్ధం అయింది, ఊరి బతుకులో మాత్రం ఆ హద్దు పెద్దగా అడ్డురాలేదు.

ఊరి పేరు సంగతీ చెప్పాలి. చివరనున్న "రాయిట్" అంటే అడవి కొట్టి సాగులోకి తెచ్చిన నేల. బైరాయిట్ నగరం పేరులో ఉన్నదీ అదే మాట. హోఫ్ నుంచి వెళ్తుంటే దారంతా మెట్టపల్లాలు, పొలాలు, మధ్యమధ్యలో ఫర్ చెట్ల అడవి. ఆ దారిలో ఈ పేరు ఎందుకొచ్చిందో ఇట్టే తెలుస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అంతా మారిపోయింది. బవేరియా అమెరికా సైన్యం చేతిలో, థురింజియా సోవియట్ సైన్యం చేతిలో పడ్డాయి. 1949లో రెండు జర్మనీలు ఏర్పడేసరికి బవేరియా పశ్చిమ జర్మనీలో, థురింజియా తూర్పు జర్మనీలో చేరి, వాగే దేశ సరిహద్దు అయింది. 1952లో తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు వెంబడి 5 కిలోమీటర్ల మేర నిషేధిత ప్రాంతం పెట్టింది. అందులో 500 మీటర్ల పట్టీలో కట్టుబాట్లు ఇంకా కఠినం. వాగు పక్కన చెక్క కంచె లేచింది. నమ్మకం లేదనుకున్న వేలమందిని సరిహద్దు ఊళ్ళ నుంచి బలవంతంగా లోపలికి తరలించారు. థురింజియాలో ఆ పనికి అధికారులు పెట్టుకున్న పేరు "ఉన్‌గెట్సీఫర్", అంటే చీడపురుగులు. అది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

1966లో కంచె స్థానంలో కాంక్రీటు గోడ కట్టారు. దాదాపు 700 మీటర్ల పొడవు, మూడు మీటర్లకు పైగా ఎత్తు. బెర్లిన్ నగరంలాగే గోడతో చీలిపోయింది కాబట్టి, అమెరికా సైనికులు ఈ ఊరిని "లిటిల్ బెర్లిన్" అనేవారు. బవేరియా వైపు వాళ్ళు గట్టు దాకా వచ్చి నిలబడొచ్చు, చెయ్యి ఊపొచ్చు. అటు వైపు వాళ్ళు తిరిగి చెయ్యి ఊపడానికి కూడా వీల్లేదు. నిన్నటిదాకా ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు! ఇక్కడ గోడ దాటి బయటపడింది ఒకే ఒక్కరు, 1973లో, నిచ్చెన వేసుకుని. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా ఈ గోడ చూడటానికి వచ్చారు.

బెర్లిన్‌లో గోడ 1989 నవంబరు 9న తెరుచుకుంది కదా, ఇక్కడ ఇంకో నెల పట్టింది. డిసెంబరు 9న నడిచి వెళ్ళడానికి దారి తెరిచారు. అదే రోజు హోఫ్‌లో రెండు జర్మనీల పర్యావరణ కార్యకర్తలు సమావేశమై, దశాబ్దాలుగా మనిషి అడుగు పడని ఆ సరిహద్దు పట్టీని పక్షులకూ మొక్కలకూ వదిలేయాలని తీర్మానించారు. ఈరోజు దాదాపు 1,400 కిలోమీటర్ల పొడవున్న "గ్రీన్ బెల్ట్" అలా మొదలైంది. హోఫ్‌లో ఏళ్ళ తరబడి ఉన్న మన స్టూడెంట్స్‌లో చాలామందికి ఈ విషయం తెలియదు. మీ అబ్బాయికి చెప్పండి.

1990 జూన్ 17న గోడను బుల్డోజర్‌తో కూల్చారు. కొంత ముక్క, కాపలా టవర్, కంచెలు మ్యూజియం కోసం అలాగే ఉంచారు.

హోఫ్ నుంచి కారులో ఇరవై నిమిషాల ప్రయాణం. బస్సుల మీద నమ్మకం పెట్టుకోకండి, ముఖ్యంగా ఆదివారాలు. మ్యూజియం వేళలు బయల్దేరే ముందే చూసుకోండి. ఊళ్ళో ఉన్నవి జనం కాపురముంటున్న ఇళ్ళు, కాబట్టి పెరళ్ళలోకి తొంగి ఫోటోలు తీయొద్దని పిల్లలకు చెప్పండి. వానాకాలం బూట్లు ఉంటే వేసుకోండి, వాగు గట్టు బురదగా ఉంటుంది. ఉన్ని దుస్తులు కూడా తప్పనిసరి. హోఫ్ చుట్టుపక్కలను "బవేరియా సైబీరియా" అంటారు, మే నెలలో కూడా నాకక్కడ స్వెటర్ అవసరమైంది.