శ్రీలంకలో మరణించిన మేనమామ గురించి రాస్తున్న యువ రచయిత్రికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

భారత శాంతి పరిరక్షక దళంలో శ్రీలంకకు వెళ్లి మరణించిన మీ పెద్ద మేనమామ గురించి నీవు రాసి పంపినది చదివాను. రేణిగుంట స్టేషనులో మీ అవ్వ ఆయనను రైలెక్కించిన ఘట్టం నన్ను కదిలించింది. ఆయన ప్రాణం విడిచిన ఘట్టాన్ని మాత్రం తీసివేయమని గట్టిగా కోరుతున్నాను. ఆ క్షణంలో పక్కన ఉన్నవారెవరూ మీ ఇంటికి రాలేదని నీవే రాశావు. అలాంటప్పుడు ఆ చివరి మాటలు నీవి, ఆయనవి కావు. కాదని చెప్పడానికి ఆయన రాలేడు.

తెలిసినదే ఎంతో ఉంది. 1987 జూలై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నారు. శాంతిని కాపాడడానికని వెళ్లిన మన సైన్యం అక్టోబరులో, ఎవరి ఆయుధాలు తీసుకోవడానికి వెళ్లిందో ఆ తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈతోనే యుద్ధానికి దిగింది. 1990 మార్చిలో చివరి దళం వెనక్కి వచ్చేసరికి దాదాపు 1,200 మంది సైనికులను పోగొట్టుకున్నాం. తిరిగివచ్చిన దళాలకు మద్రాసులో స్వాగతం పలకడానికి నాటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. మీ ఇంట్లో ఇన్నేళ్లు ఆ ప్రస్తావన ఎందుకు రాలేదో అర్థం చేసుకోవడానికి నీకు ఈ సంగతి అవసరం.

మీ మేనమామ నగరి సంతలో తమిళంలో బేరమాడేవాడని ఒక వాక్యంలో చెప్పి దాటేశావు. అక్కడే ఆగవలసింది. మన సరిహద్దు ఊళ్లలో పెరిగి ఆ భాషను సొంతం చేసుకున్న మనిషి, ఆ భాషే మాట్లాడే వారి మధ్యకు తుపాకితో వెళ్లాడన్నది ఏ కల్పనా అక్కరలేని నిజం. 1987 అక్టోబరు 21న, దీపావళి నాడు, జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల చేతిలో రోగులు, వైద్యులు, నర్సులు మరణించిన సంగతినీ వదలవద్దు. దానిని రాస్తే మీ అవ్వ దుఃఖం తక్కువైపోతుందని భయపడకు. దాచితే మాత్రం జాఫ్నాలో అలాగే బిడ్డను పోగొట్టుకున్న మరో తల్లికి నీ రచన ముఖం చూపించలేదు.

ఇక తిథి విషయం. సైన్యం కాగితంలోని తేదీకీ మీ ఇంట్లో ఆబ్దికం పెట్టే తిథికీ పొంతన లేదని గమనించి, నీవు తిథిని సరిదిద్ది రాశావు. అలా చేయవద్దమ్మా. మొదట వచ్చిన టెలిగ్రాంలో మరణించిన రోజు లేదని అవ్వ అంటున్నది. భౌతికకాయమూ ఇంటికి రాలేదు. పోయిన రోజు తెలియనప్పుడు కబురు విన్న తిథిని పట్టుకోవడం మన ఆచారంలో ఉన్నదే కనుక, మీ తాత ఆ తిథికే పిండం పెట్టి ఉంటారు. తరువాత కాగితం వచ్చినా ఆయన దానిని మార్చుకోలేదంటే, ఆ ఇంటికి సంబంధించినంతవరకు కొడుకు పోయింది టెలిగ్రాం అందిన నాడే. రెండు రోజులనూ రాయి, రెంటి మధ్య ఎన్ని రోజులు గడిచాయో రాయి. ఆ రోజుల్లో మీ అవ్వ ఆయన క్షేమం కోరి ఏ గుడికి వెళ్లిందో, ఏ ఉత్తరం రాయించిందో అడిగి తెలుసుకో. నీ రచనకు గుండెకాయ అదే.

దళం, హోదా, చనిపోయిన చోటు వంటి వివరాలకు చిత్తూరులోని సైనిక సంక్షేమ కార్యాలయంలో అడుగు. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో ఈ దళం అమరుల పేర్లూ చెక్కారు; వీలైతే అవ్వను తీసుకువెళ్లు. అచ్చుకు పంపే ముందు మొత్తం ఆమెకు చదివి వినిపించు. ఆమె ఏదైనా వద్దంటే, కారణం అడగకుండా తీసివేయి.