కౌసర్ కొత్త విమానమా, రంగేసిన పాత ఎఫ్-5నా?

2018 ఆగస్టులో ఇరాన్ తన స్వదేశీ యుద్ధవిమానమంటూ కౌసర్‌ని బయటపెట్టి, అప్పటి అధ్యక్షుడు రౌహానీ కాక్‌పిట్‌లో కూర్చున్న ఫొటో వచ్చినప్పుడు మా రిటైర్డ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే నవ్వులు. ‘అది అమెరికావాళ్ల పాత ఫైటర్ ఎఫ్-5 కదా, రంగేసి మాదంటున్నారు’ అని. ఇది నిజంగా స్వదేశీయేనా అని మీరడిగిందీ అదే. నాకు మాత్రం నవ్వు రాలేదు. 1980ల్లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం ఒంటిని చూసుకునే మెకానిక్‌గా, మన వాయుసేన బుల్లి ఫైటర్లు అజీత్‌ల మీద పనిచేసినవాణ్ణి మరి.

అజీత్‌దీ అలాంటి కథే. బ్రిటన్ ఫాలండ్ కంపెనీ చేసిన నాట్ అనే ఫైటర్‌ని బెంగళూరు హెచ్ఏఎల్‌లో లైసెన్సు మీద తయారుచేసి, తర్వాత దాన్నే మార్చి అజీత్ అన్నారు. పక్కపక్కన నిలబెడితే బయటివాళ్లకి తేడా తెలిసేది కాదు. నాట్‌కి ఇంధనమంతా ఒంట్లోనే. దూరం వెళ్లాలంటే రెక్కల కింద డ్రాప్ ట్యాంకులు (అదనపు ఇంధన ట్యాంకులు) తగిలించాలి, ఇక బాంబులకి చోటేది? అజీత్‌లో రెక్కనే ట్యాంకు చేసేశారు. రెక్క కింద బరువులు తగిలించే పైలాన్లు ఆయుధాలకి మిగిలాయి. వినడానికి ఇంతే. కానీ రెక్క ట్యాంకయ్యాక ప్రతి రివెట్టూ కారకుండా ఉండాలి. పొద్దున్నే టార్చి పట్టుకుని రెక్క కింద దూరి (9 మీటర్ల బుల్లి విమానం, నడుం విరిగేది), తడి మరక కనిపిస్తే వేలితో తడిమి వాసన చూసేవాళ్లం. ఇంటికెళ్లాక ఎంత రుద్దినా ఆ కిరోసిన్ కంపు పోయేది కాదు. మా ఆవిడ నన్ను పెరుగు గిన్నె ముట్టుకోనిచ్చేది కాదు.

అజీత్ ఇంజిన్ మాత్రం నాట్‌లోని పాత ఆర్ఫియస్సే. కౌసర్ చిక్కూ అక్కడే ఉంది. కాక్‌పిట్‌లో తెరలు, రాడార్ కొత్తవంటున్నారు, సరే. ఇంజిన్‌కి ఔజ్ అని పేరు పెట్టుకున్నా అది ఎఫ్-5లోని జే-85 ఇంజిన్ పోలికే. ఎఫ్-5 మొదట ఎగిరింది 1959లో. ఆ ఒంటికి, ఆ ఇంజిన్‌కి ఎన్ని తెరలు పెట్టినా అమెరికా పెద్ద ఫైటర్ ఎఫ్-15తో తలపడేది అవదు.

అలాగని కాపీ అని కొట్టిపారేయను. 1979 విప్లవం తర్వాత ఇరాన్‌కి అమెరికా నుంచి విడిభాగాలు ఆగిపోయాయి. అయినా ఇన్నేళ్లుగా ఆ ఎఫ్-5లని ఎగిరిస్తున్నారంటే హ్యాంగర్లో ఎవరో ఒక్కో ముక్కా విప్పి, కొలిచి, మళ్లీ చేసుకున్నట్టే. ఫ్యాక్టరీ నుంచి ఒక సీలు రావడం ఆలస్యమైతేనే మాకు టెన్షన్. వాళ్లకి ఆ విమానం చేసిన ఫ్యాక్టరీ నుంచి ఏదీ వచ్చే దారే లేదు.