టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత మత్తు దిగేటప్పుడు పిల్లలు ఎందుకంత గొడవ చేస్తారు, ఏం చేయొచ్చు?

మీ నాలుగేళ్ల బాబుకి టాన్సిల్స్ ఆపరేషన్ ఉందని, మత్తు దిగేటప్పుడు పిల్లలు కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడుస్తారని విని టెన్షన్‌గా ఉందని రాశారు. నేను రికవరీ రూమ్‌లో నర్సుని. మేం తరచూ చూసేదే ఇది. బడికి వెళ్లే వయసు ఇంకా రాని పిల్లల్లో, అందులోనూ గొంతు, చెవి ఆపరేషన్ల తర్వాత ఎక్కువ.

ఆ సమయంలో కళ్లు తెరిచే ఉంటాయి, తెలివి మాత్రం పూర్తిగా రాదు. అమ్మ పిలుస్తున్నా ఎటో చూస్తాడు, ఎత్తుకోబోతే తోసేస్తాడు. "నన్నే గుర్తుపట్టట్లేదు" అని తల్లులు ఏడుస్తుంటే నాకు చాలా బాధేస్తుంది. చాలామందికి అరగంటలోపే దానంతటదే తగ్గిపోతుంది, తర్వాత పిల్లలకు గుర్తు కూడా ఉండదు. నొప్పితో ఏడ్చే బిడ్డ అయితే మీ వైపు చూస్తాడు, దగ్గరికి తీసుకుంటే కాస్త ఊరుకుంటాడు. రెండూ కలిసి రావచ్చు కాబట్టి మేం ముందు ఆక్సిజన్, నొప్పి సంగతి చూస్తాం.

తగ్గించే పని చాలావరకు మత్తు డాక్టర్ చేతిలో ఉంటుంది. సెవోఫ్లూరేన్ లాంటి పీల్చే మత్తుతో ఈ గొడవ ఎక్కువ, నరంలోకి ప్రోపోఫాల్ ఇచ్చి నడిపిస్తే తక్కువ. డెక్స్‌మెడిటోమిడిన్ అనే మగత మందు కూడా బాగా పనిచేస్తుంది, కాకపోతే పిల్లలు ఇంకాసేపు మగతగా ఉంటారు. ఫలానా మందే ఇవ్వమని అడగకండి, బాబు సంగతి వివరంగా చెప్పండి: కొత్తవాళ్లంటే బెదురుతాడా, ఇంతకుముందు మత్తు దిగేటప్పుడు ఇలా చేశాడా, నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగినట్టవుతుందా. ఈ చివరిది తప్పకుండా చెప్పాలి, దాన్నిబట్టి మందులూ మోతాదులూ మారతాయి.

భయపడుతూ మత్తులోకి వెళ్లిన పిల్లలు లేచేటప్పుడు ఎక్కువ గొడవ చేస్తారు. అందుకే "ఏమీ చేయరు" అని అబద్ధం చెప్పకండి. మాస్క్ పెడతారనీ, లేచాక గొంతు నొప్పిగా ఉంటుందనీ, అమ్మ వస్తుందనీ ముందే చెప్పండి.

లేచేటప్పుడు తట్టి లేపొద్దు. ఒక్కరే, మెల్లగా, ఒకే మాట చెబుతూ ఉండండి. సెలైన్ సూది ఉన్న చేతిని నర్సు చూసుకుంటుంది, బాబు పడిపోకుండా మీరు ఆసరాగా ఉంటే చాలు. రక్తం ఉమ్మినా, ఊరికే గుటకలు మింగుతున్నా వెంటనే పిలవండి, లోపల రక్తం కారుతుండొచ్చు. ఇంటికెళ్లాక కొన్నాళ్లు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, మిమ్మల్ని వదలకపోవడం ఉండొచ్చు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పండి.