పక్కన నిలబడి నవ్వడమేనా?

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో నా కామెడీకి అందరూ పడీపడీ నవ్వుతారు. ఒక లోకల్ ఛానల్లో టాక్ షో అవకాశానికి వెళ్తే, ‘జోకులు అబ్బాయి వేస్తాడు, నువ్వు పక్కన నవ్వుతూ ఉంటే చాలు’ అన్నారు. ఒప్పుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకోవద్దు తల్లీ. నీ ఉత్తరం చదువుతుంటే చిత్తూరులోని మా మేనత్త గుర్తొచ్చింది. పెళ్లిళ్లలో కూరగాయలు తరుగుతూ పెళ్లికొడుకు మేనమామ నడక, దగ్గు అచ్చు దించేసేది. మేం కడుపు పట్టుకునేవాళ్లం. బయట మగవాళ్ల చెప్పుల చప్పుడు వినపడగానే గబుక్కున కత్తిపీట మీదికి తల వంచేసేది. ఆ ప్రతిభ వంటగది దాటలేదని నాకిప్పటికీ బాధే.

అమెరికాలో జోన్ రివర్స్ అనే హాస్యనటి ఉండేది. మీ ఊళ్లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మొదలైన 1983లోనే ఆమె జానీ కార్సన్ నడిపే ‘టునైట్ షో’ అనే రాత్రి టాక్ షోకి శాశ్వత గెస్ట్ హోస్ట్ అయింది. అంటే ఆయన సెలవు పెడితేనే ఆ కుర్చీ! 1986లో ఫాక్స్ అనే టీవీ ఛానల్లో సొంత షో మొదలుపెడితే కార్సన్ ఆమెతో మాటలే మానేశాడు. 1987లో ఆ షో నుంచీ తీసేశారు. అయినా 1989లో పగటి టాక్ షోతో తిరిగొచ్చి, 1990లో డేటైమ్ ఎమ్మీ అనే టీవీ అవార్డు గెలుచుకుంది.

ఆ ఛానల్ వాళ్లను సూటిగా అడుగు: స్క్రిప్టులో నా జోకులెన్ని, నేను అడిగే ప్రశ్నలెన్ని? జవాబు నచ్చకపోతే వచ్చెయ్. ఈలోపు ఫోన్‌లోనే ఐదు నిమిషాల షో రికార్డు చెయ్యి. మొదటి గెస్ట్‌గా మీ అమ్మనే కూర్చోబెట్టు.